వృద్ధాశ్రమములలో చల్లదనము, గాలి: పంచాయతీలు నిధి సమకూర్చు విధము

మాఘ ఫాల్గుణ మాసములలో పాత గుంటూరు, ప్రకాశము జిల్లాల మైదానములలో ప్రయాణము చేయువారికి రోడ్డునకు ఇరుప్రక్కల ఎఱ్ఱని కల్లములు కనుపించును. అచ్చట ఎండిన మిరపకాయలు టిక్కీలలో నిండి గుంటూరు మిర్చి యార్డునకు చేరును. ధర నచ్చనిచో రైతు వానిని కోల్డు స్టోరేజిలో నుంచును. కాయ రంగు చెడకుండ, పురుగు పట్టకుండ, వేసవి అంతయు ఆ పంట చల్లని చీకటి గదిలో భద్రముగా నుండును. ఆ కాయలను వయసులో కోసిన చేతులు, ప్రత్తి తీసిన చేతులు నేడు ముడుతలు పడి, ఏ రేకుల కప్పు క్రిందనో వేసవి గడుపుచున్నవి.

పంటను చల్లగా కాపాడుట నేర్చిన ప్రాంతమునకు, పంట పండించిన వృద్ధులను చల్లగా కాపాడుట అసాధ్యము కాదు. అందులకు గొప్ప యంత్రములు అక్కరలేదు. పనులు చేయుటకు సరియైన క్రమము, ఏటేట నిలుచునట్టి నిధి కావలెను. ఈ రెండింటిని గూర్చి పంచాయతీ సభ్యులకు వివరించుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

ఇది పంచాయతీ పనియేనా?

"ఆశ్రమము నడుపువారు వేరు, ప్రభుత్వము వేరు, నడుమ పంచాయతీకేమి పని?" అని కొందఱు సభ్యులు ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్నకు చట్టమే సమాధానము చెప్పుచున్నది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానివలన ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో 29 అంశములు గలవు. ఆరోగ్యము, పారిశుధ్యము, సాంఘిక సంక్షేమము, బలహీన వర్గముల సంక్షేమము, సామాజిక ఆస్తుల నిర్వహణము వానిలోనివే. దిక్కులేని వృద్ధుల గదికి గాలి, నీడ కల్పించుట ఈ అంశములకు వెలుపలి పని కానేరదు.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. పోషణ భారమును ఆ చట్టము మొదట బిడ్డలపైనను, వారసులపైనను ఉంచినది. ఏ ఆధారమును లేని వృద్ధులకై ప్రతి జిల్లాలోను కనీసము 150 మందికి సరిపోవు ఒక వృద్ధాశ్రమముతో ప్రారంభించి, క్రమక్రమముగ ఆశ్రమములను నెలకొల్పవచ్చునని 19వ విభాగము చెప్పుచున్నది. ఆశ్రమములలో నుండవలసిన ప్రమాణములను నిర్ణయించు అధికారము కూడ ఆ విభాగమే రాష్ట్ర ప్రభుత్వమున కిచ్చినది.

2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో 60 ఏండ్లు దాటినవారు 10 కోట్లకు మించియున్నారు. మన గ్రామములలో పిల్లలు గుంటూరుకో, హైదరాబాదుకో, అమెరికాకో తరలిపోగా, పెద్దలు మాత్రము ఊరిలో మిగిలిన ఇండ్లు తక్కువ కాదు. ఆశ్రమమున చేరినవారు మనకు పరాయివారు కారు. వారు నిన్నటివరకు మన ఊరి పన్ను చెల్లించినవారు, మన గ్రామసభలో కూర్చున్నవారు.

ఎండ వృద్ధులనే ఏల పీడించును?

2015 మే నెలలో వీచిన వడగాడ్పులవలన ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా మరణించిరి. 2003లోను ఇట్టి విపత్తే సంభవించినది. మైదాన ప్రాంతములలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరినచో వడగాడ్పు అనియు, 47 డిగ్రీలకు చేరినచో తీవ్రమైన వడగాడ్పు అనియు వాతావరణ శాఖ లెక్కించును. పల్నాటిలోని రెంటచింతల పేరు ప్రతి వేసవిలోను పత్రికలలో కనుపించుట మనమెఱుగుదుము.

వయసు ముదిరినకొలది శరీరమునకు చెమట పోయు శక్తి తగ్గును. దాహము వేయవలసినంత వేయదు. రక్తపోటునకు వాడు కొన్ని మందులు ఒంటిలోని నీటిని బయటకు పంపును. మంచము దిగలేనివారు నీడకు జరుగలేరు. మతిమఱపు గలవారు నీరు అడుగలేరు. కావున పడుచువాడు ఓర్చుకొను ఎండయే వృద్ధునకు ప్రాణాపాయమగును. వడగాడ్పు దినములలో గది పగటివేళ 32 డిగ్రీలు దాటకుండ చూచుకొనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా యిచ్చుచున్నది. కావున ప్రతి ఆశ్రమమునకును మొదట కొనవలసిన వస్తువు గోడకు తగిలించు ఉష్ణమాపకము. దాని వెల స్వల్పము. అది లేనిదే మనము చేసిన పనివలన ఫలమెంతయో తెలియదు.

శీతల దేశములలో వృద్ధుల గదులకు వెచ్చదనము కల్పించుటయే పెద్ద ఖర్చు. మన మైదానములలో పుష్యమాసపు తెల్లవారుజామున స్నానమునకు వేడినీరు, కప్పుకొనుటకు దుప్పటి ఉన్నచో చాలును. మనకు పెద్ద ఖర్చు చల్లదనము, గాలి.

ఘాటు, ధూళి, తడిగాలి

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు మఱియొకటి గలదు. ప్రత్తి తీత మొదలయిన పిమ్మట జిన్నింగు మిల్లుల పరిసరములలో నూగు ధూళి లేచును. అది తగ్గునప్పటికి మిరప కల్లములు వెలయును. కల్లము ప్రక్కనున్న ఇంటిలో గాలి తిరిగినప్పుడెల్ల ముసలివారికి పొలమారును; ఉబ్బసము గలవారికి రాత్రి నిద్ర పట్టదు. అందుచేత కిటికీలు మూసివేయుదురు. మూసిన గదిలో ఉక్కపోత, దుర్వాసన, అంటువ్యాధుల భయము పెరుగును. తెఱచిన ఘాటు, మూసిన ఉక్క. ఇదియే మన ఆశ్రమముల కష్టము.

గాలి కూడ ఔషధమే యనుట మనకు క్రొత్త విషయము కాదు. మంగళగిరిలో నేడు ఎయిమ్స్ వైద్యసంస్థ వెలసిన స్థలమున పూర్వము క్షయరోగుల శానటోరియము ఉండెడిది. క్షయకు మంచి మందులు లేని ఆ దినములలో ఊరికి దూరముగా, గాలి వెలుతురు సమృద్ధిగా గల చోట రోగులనుంచి చికిత్స చేసెడివారు. మందులు వచ్చిన పిదప శానటోరియముల అవసరము తగ్గినది గాని, పలువురు కలిసి నిదురించు హాలులో గాలి మారవలెనను సూత్రము మాత్రము మారలేదు.

పనుల క్రమము: ఐదు మెట్లు

తక్కువ ఖర్చు పనిని ముందుగను, ఎక్కువ ఖర్చు పనిని వెనుకను చేయవలెను. పై కప్పు కాలుచుండగా ఏ.సి. కొనుట చిల్లికుండలో నీరు పోయుట వంటిది.

మొదటి మెట్టు కప్పు. డాబాపైన, రేకులపైన తెల్లని సున్నము గాని, ఎండను త్రిప్పికొట్టు తెల్లరంగు గాని పూసినచో లోపలి వేడి 2 నుండి 5 డిగ్రీల వరకు తగ్గవచ్చును. అహమ్మదాబాదు నగరము 2013లో ప్రారంభించిన వడగాడ్పుల ప్రణాళికను పెంపొందించుచు ఈ పద్ధతిని పేదల ఇండ్లకు వ్యాపింపజేసినది. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించి, ప్రభుత్వ భవనములకు దానిని తప్పనిసరి గావించినది. సున్నము వానలకు కరగును గాన ప్రతి ఏటను ఫాల్గుణములోనే మరల పూయవలెను.

రెండవ మెట్టు నీడ. పడమటి గోడ సాయంకాలము వఱకు కాలును. ఆ ప్రక్క తాటాకు లేక కొబ్బరాకు పందిరి వేసి, వేప, కానుగ మొక్కలు నాటవలెను. పందిరి ఈ ఏటికి, చెట్టు రాబోవు ఏండ్లకు. తాటాకునకు నిప్పు భయము గలదు గాన వంటయింటి ప్రక్క అది పనికిరాదు.

మూడవ మెట్టు గాలి దారి. ఒక గోడకు మాత్రమే కిటికీ యున్న గదిలో గాలి ఆడదు. ఎదురుగోడకు కూడ కిటికీ గాని, పైభాగమున గాలిరంధ్రములు గాని ఉండవలెను. ఎగ్జాస్టు ఫ్యాను పరిమాణమును ఊహతో కొనరాదు. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిలో 3,000 ఘనపుటడుగుల గాలి యుండును. అది గంటకు 6 మార్లు మారవలెనన్నచో గంటకు 18,000, అనగా నిమిషమునకు 300 ఘనపుటడుగుల గాలిని లాగు ఫ్యాను కావలెను. ఫ్యాను ఎంత గాలిని బయటకు పంపునో, అంత గాలి వేఱొక దారిన లోనికి వచ్చును. ఆ దారి కల్లము వైపునగాని, మిల్లు వైపునగాని ఉండరాదు. క్రొత్త కల్లములు ఆశ్రమమునకు గాలివాటమున లేకుండ రైతులను ఒప్పించుట పంచాయతీ ఖర్చు లేకుండ చేయగల మేలు.

నాలుగవ మెట్టు ఫ్యానులు, కూలర్లు. పల్నాడు, దర్శి, పొదిలి వైపు ఎండ పొడిగా నుండును గాన నీటి కూలరు బాగుగ పనిచేయును. తడిపిన వట్టివేళ్ళ తడికలును ఆ సూత్రముపైననే పనిచేయును. బాపట్ల, చీరాల, నిజాంపట్నము వైపు సముద్రపు గాలిలో తేమ హెచ్చు. అచ్చట కూలరు ఉక్కను పెంచును. పడమటి గాలి వీచు పొడి దినములలో మాత్రమే దానివలన ప్రయోజనము. ఎచ్చటనైనను కూలరు పెట్టిన గదికి ఎదురు కిటికీ తెఱచి యుంచవలెను; నిలువనీటిలో దోమలు పెరుగకుండ తొట్టిని కడుగుచుండవలెను. గదిలో వేడి 40 డిగ్రీలు దాటినచో ఒట్టి ఫ్యాను మేలు చేయదు. వేడిగాలినే ఒంటిపైకి విసరును. అప్పుడు వృద్ధులను చల్లని గదికి చేర్చి, తడిగుడ్డతో ఒడలు తుడువవలెను.

ఐదవ మెట్టు ఒక చల్లని గది. అన్ని గదులకు ఏ.సి. పెట్టుట మన శక్తికి మించినది, అవసరమును లేదు. ఆశ్రమమునకు ఒక గది చాలును. మిక్కిలి బలహీనులైన పది పండ్రెండు మందిని ఉదయము 11 గంటల నుండి సాయంకాలము 5 గంటల వఱకు అందులో నుంచవలెను. మూసిన గదిలో గాలి చెడును గాన, గంట కొకమారు కొన్ని నిమిషములు తలుపు, కిటికీ తెఱవవలెను. ఏ.సి. పెట్టుటకు ముందు వైర్లు, మంజూరైన విద్యుత్ లోడు సరిపోవునా అని లైన్‌మాన్‌చే పరీక్ష చేయింపవలెను.

లెక్క చూడుడు

25 మంది గల ఒక ఆశ్రమమును ఉదాహరణముగా తీసికొందము. అందులో 10 పాత ఫ్యానులు, ఒక్కొక్కటి 75 వాట్లవి, దినమునకు 20 గంటలు తిరుగుననుకొందము. ఖర్చగునది దినమునకు 15 యూనిట్లు. వానిని 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యానులుగా మార్చినచో 6 యూనిట్లు చాలును. మిగులు దినమునకు 9 యూనిట్లు, 90 దినముల వేసవికి 810 యూనిట్లు.

గంటకు యూనిటున్నర త్రాగు ఏ.సి.ని మధ్యాహ్నము 6 గంటలు నడిపినచో ఖర్చు సరిగా 9 యూనిట్లే. అనగా ఫ్యానులు మార్చుటవలన మిగిలిన కరెంటుతోనే చల్లని గది నడచును, బిల్లు పెరుగదు. పొడి ప్రాంతములో 200 వాట్ల కూలరును అన్ని గంటలే నడిపినచో ఒక యూనిటు పైచిల్లరతో పోవును. సభ్యులు తమ ఊరి ఆశ్రమపు బిల్లును తెప్పించి, అందలి యూనిట్ ధరతో ఈ అంకెలను హెచ్చించి చూడవలెను. ఆ సర్వీసు ఏ క్యాటగిరీలో ఉన్నదియు అప్పుడే కనుగొనవలెను. పేదలకై నడుచు ఆశ్రమమునకు దుకాణపు రేటు పడుచున్నచో, దానిని మార్పించుటకు దరఖాస్తు పెట్టింపవలెను.

పెట్టుబడికి ఒక నిధి, నడుపుటకు ఒక నిధి

ఇట్టి పనులు చెడునది యంత్రము కొనుటలో కాదు, కొన్న పిదప. ప్రారంభోత్సవమునకు దండలు, ఫోటోలు ఉండును. రెండవ వేసవికి కూలరు మోటారు కాలిపోయినచో బాగుచేయించుటకు పద్దు ఉండదు. కావున ప్రతి అంచనాలోను రెండు నిలువు గీతలు గీయవలెను: ఒకటి ఒక్కమారు పెట్టు ఖర్చు, రెండవది ఏటేట అగు ఖర్చు. రెండవ నిలువు ఖాళీగానున్న అంచనాను గ్రామసభ ఆమోదింపరాదు.

ఒక్కమారు పెట్టు ఖర్చునకు ఈ దారులు గలవు.

పంచాయతీకి వచ్చు ఆర్థిక సంఘపు నిధులు మొదటివి. 2021-22 నుండి 2025-26 వఱకు సాగిన 15వ ఆర్థిక సంఘపు కాలములో గ్రాంటులో 60 శాతము త్రాగునీరు, పారిశుధ్యములకు కట్టుబడి యుండెను. 40 శాతమును స్థానికావసరములకు వాడుకొను వీలుండెను గాని, జీతములకు, కార్యాలయ నిర్వహణమునకు వాడరాదు. 2026 ఏప్రిల్ నుండి 16వ సంఘపు కాలము. ఆ యేటి మార్గదర్శకములను కార్యదర్శిచే చదివించుకొని, గ్రామాభివృద్ధి ప్రణాళికలో సామాజిక భద్రత గల గ్రామమను అంశము క్రింద ఈ పనిని చేర్పింపవలెను. ప్రణాళికలో లేని పనికి ఎంత మంచి మనసున్నను చెక్కు వ్రాయ వీలుపడదు.

కేంద్ర ప్రభుత్వము 1992లో ప్రారంభించి, నేడు అటల్ వయో అభ్యుదయ యోజనలో భాగముగా నడుపుచున్న వయోవృద్ధుల కార్యక్రమము రెండవది. 25 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రమము నడుపుట అందులోని పథకములలో నొకటి. స్వచ్ఛంద సంస్థలే గాక పంచాయతీరాజ్ సంస్థలును దానికి అర్హములు.

కంపెనీల సామాజిక బాధ్యత నిధి మూడవది. 2013 నాటి కంపెనీల చట్టపు ఏడవ షెడ్యూలు వృద్ధాశ్రమములను పేర్కొన్నది. ఏటికి 5 కోట్ల రూపాయల నికరలాభము వచ్చు కంపెనీ తన మూడేండ్ల సగటు లాభములో 2 శాతమును ఇట్టి పనులకు వెచ్చింపవలెను. ప్రత్తి, మిర్చి, పొగాకు వ్యాపారము చేయు పెద్ద కంపెనీలు మన చుట్టునే గలవు. ఉత్త అర్జీతో గాక, కొలతలు, అంచనా, గ్రామసభ తీర్మానము చేతబట్టుకొని వారికడ కేగవలెను.

పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి నిధి నాలుగవది. అది నిలుచు ఆస్తులకే గాని కరెంటు బిల్లులకు రాదు.

ఏటేట అగు ఖర్చు ఊరిదే. ఇందులకు గ్రామస్థుల విరాళములతో బ్యాంకులో శాశ్వత డిపాజిటు చేసి, వడ్డీని మాత్రమే వేసవి బిల్లునకు వాడుట మేలైన పద్ధతి. విదేశములలోని ఊరివారిని కూడ అడుగవచ్చును. ఇందులో ఒక జాగ్రత్త గలదు. భారత పౌరసత్వము నిలుపుకొన్నవారు తమ సంపాదననుండి బ్యాంకు ద్వారా పంపునది విదేశీ విరాళముగా లెక్కకు రాదు. విదేశీ పౌరసత్వము పుచ్చుకొన్నవారి సొమ్మును తీసికొనుటకు మాత్రము 2010 నాటి విదేశీ విరాళముల చట్టము క్రింద ఆశ్రమమునకు అనుమతి యుండవలెను.

ఆశ్రమము ప్రైవేటు ట్రస్టుదైనచో పంచాయతీ సొమ్ముతో కొన్న వస్తువులు పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో ఎక్కవలెను. వాని వాడుకకు ట్రస్టుతో వ్రాతమూలకమైన ఒడంబడిక ఉండవలెను. ముందుగా జిల్లా పంచాయతీ అధికారి అభిప్రాయము తీసికొనుట క్షేమము.

ఒక దినపు కూలి

ఊరు నిధి కూర్చగలదా యను సందేహమునకు దూరదేశపు అనుభవ మొకటి సమాధానము చెప్పుచున్నది. 2003 ఆగస్టులో ఫ్రాన్సు దేశమున వచ్చిన వడగాడ్పులకు సుమారు 15,000 మంది మరణించిరి. వారిలో అత్యధికులు వృద్ధులు. ఆ దేశము సిగ్గుపడినది. అటుపిమ్మట ప్రతి వృద్ధాశ్రమములోను కనీసము ఒక చల్లబరచిన గది ఉండవలెనని విధించినది. ఖర్చునకై 2004లో ఒక చట్టము చేసి, పనివారు ఏటికి ఒక దినము అదనపు జీతము లేకుండ పనిచేయునట్లును, అందుకు బదులుగా యజమానులు జీతముల మొత్తములో 0.3 శాతము వృద్ధుల, వికలాంగుల సంరక్షణ నిధికి చెల్లించునట్లును ఏర్పాటు గావించినది.

ఇది మనము శ్రమదానమని పిలుచుకొనుదానికి దగ్గరి చుట్టము. మనకు చట్టము అక్కరలేదు. పంట అమ్మిన రైతు తన యిష్టపూర్తిగా ఒక టిక్కీ మిర్చి ధరలో కొంత, ఉద్యోగి ఒక దినపు జీతము, మేస్త్రీ ఒక దినపు పని, విద్యార్థులు ఒక ఆదివారపు సున్నపు పూత సమర్పించినచో, మొదటి రెండు మెట్లకు పెద్ద నిధి అవసరమే యుండదు.

కరెంటు పోయినప్పటి మాటను కూడ మఱువరాదు. 2017 సెప్టెంబరులో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున తుపాను వచ్చి, ఒక వృద్ధుల నిలయములో శీతల యంత్రములు ఆగిపోగా 12 మంది మరణించిరి. ఆ మీదట ఆ రాష్ట్రము అట్టి నిలయములకు జనరేటర్లను తప్పనిసరి చేసినది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటుట మనము చూచితిమి. ఫ్యానులకు సరిపోవు ఇన్వర్టరైనను అంచనాలో చేర్చుట దూరదృష్టి.

కార్తీకము నుండి చైత్రము వఱకు

ఎండ వచ్చిన పిమ్మట గ్రామసభ పెట్టినచో నిధి వచ్చునప్పటికి వానలు వచ్చును. కావున కార్తీకములోనే సభ్యులు ఆశ్రమమునకు పోయి కప్పు, కిటికీలు, ఫ్యానులు, మంచములు లెక్కించి రావలెను. తరువాతి ఏటి గ్రామాభివృద్ధి ప్రణాళికకై కూడు గ్రామసభలో తీర్మానము చేయవలెను. పుష్య మాఘములలో కొనుగోలు, ఫాల్గుణములో సున్నపు పూత ముగియవలెను. చైత్రము నుండి ప్రతి దినము మధ్యాహ్నము 3 గంటలకు గదిలోని వేడిని పుస్తకములో వ్రాయింపవలెను.

తీర్మానపు నమూనా: "మా గ్రామములోని వృద్ధుల ఆశ్రమమునకు కప్పు సున్నము, నీడ, గాలి మార్గములు, ఒక చల్లని గది ఏర్పాటు చేయుటకును, ఏటేట వేసవి కరెంటు బిల్లు, మరమ్మతుల ఖర్చులకై ప్రత్యేక నిధి నెలకొల్పుటకును, జమాఖర్చులను ప్రతి ఆషాఢమున గ్రామసభ ముందుంచుటకును తీర్మానించడమైనది."

సభ్యులు చర్చింపదగిన ప్రశ్నలు:

1. మన ఊరిలో గాని, చుట్టుప్రక్కల గాని ఆశ్రమమున నున్న మన ఊరి వృద్ధులు ఎందఱు? ఒంటరిగా ఇంట నున్నవారు ఎందఱు?
2. గత వైశాఖమున ఆ గదిలో మధ్యాహ్నపు వేడి ఎంత? చెప్పగలవారు ఎవరైనను గలరా?
3. మనము ఇదివఱకు కొని యిచ్చిన యంత్రములలో నేడు పనిచేయుచున్నవి ఎన్ని? తక్కినవి ఏల ఆగినవి?
4. రెండవ నిలువున వ్రాయదగిన సొమ్ము ఎచ్చటనుండి వచ్చును?

మూడవ ప్రశ్నకు నిజాయితీగా సమాధానము చెప్పుకొన్న పంచాయతీ నాలుగవ ప్రశ్నకు దారి కనుగొనగలదని మేము నమ్ముచున్నాము. ఆశ్రమము లేని గ్రామములు పంచాయతీ భవనములోనో, పాఠశాల వేసవి సెలవులలో ఖాళీయగు గదిలోనో ఒంటరి వృద్ధులకు పగటి చల్లని గది ఏర్పరుపవచ్చును. కప్పునకు పూత, గదికి ఎదురు కిటికీ, కుండలో నీరు, పలుకరించు మనిషి. పని ఇంతతోనే మొదలగును. మన ఊరి మిరపకాయకు దొరకిన చల్లని గది, మన ఊరి ముసలితల్లికి రాబోవు వేసవినుండియైనను దొరకునుగాక.